వాల్వు మారిస్తే పాట మారుతుందా?

టీవీ ట్యూనర్ కోసం పుట్టింది ఒకటి. కంప్యూటర్ లెక్కల కోసం పుట్టింది ఇంకొకటి. పవర్ సప్లైలో వోల్టేజీ అటూ ఇటూ ఊగకుండా కాపలా కాయడానికి పుట్టింది మూడోది. నాలుగోదానికి అమెరికా సైన్యం వీటీ-231 అని తన సొంత నంబరు తగిలించుకుని వాడుకుంది. అరవై, డెబ్బై ఏళ్లు గడిచాక ఇవాళ ఈ నాలుగూ చేస్తున్న కొలువు ఒక్కటే. రాత్రి పూట ఇంట్లో అందరూ పడుకున్నాక ఎవరో ఒకరి చెవిలో పాట పోయడం.

వాల్వు రేడియో స్విచ్చి వేశాక గొంతు వినపడడానికి అర నిమిషం పట్టేదని గుర్తున్నవాళ్లు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. మర్ఫీ, బుష్, ఫిలిప్స్ పెట్టెల వెనక అట్ట ఊడదీస్తే లోపల నారింజ రంగులో మినుకుమినుకుమనేవి ఆ గాజు గొట్టాలే. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ట్రాన్సిస్టర్ పుట్టింది. ఇరవై పాతికేళ్లు తిరిగేసరికి వాల్వులు అటకెక్కాయి. అక్కడితో కథ కంచికి వెళ్లాల్సింది. వెళ్లలేదు. గిటారు వాయించేవాళ్లు వాటిని వదల్లేదు, రికార్డింగ్ స్టూడియోలు పూర్తిగా వదల్లేదు. గత పాతికేళ్లలో హెడ్‌ఫోన్ పిచ్చివాళ్లు కొత్తగా తగులుకున్నారు.

వాళ్లు చేసే పనిని ట్యూబ్ రోలింగ్ అంటారు. హెడ్‌ఫోన్‌కీ, పాట వచ్చే పెట్టెకీ మధ్య ఒక చిన్న వాల్వు ఆంప్లిఫయర్ ఉంటుంది. దాని నెత్తిన సాకెట్లు, సాకెట్లలో వాల్వులు. ఉన్నదాన్ని పీకి అదే నంబరున్న వేరే కంపెనీ వాల్వు పెట్టడమే ఆట. ఆర్‌సీఏ తీసి ముల్లార్డ్, ముల్లార్డ్ తీసి టెలిఫంకెన్. పెట్టిన ప్రతిసారీ ఒక తీర్పు: గొంతు ముందుకొచ్చింది, వయొలిన్ పదును తగ్గింది, మృదంగం తొప్పి నిండుగా మోగింది. పక్కనున్నవాళ్లకు ఇదంతా వింతగా ఉంటుంది. ఎవరి పిచ్చి వారికి ఆనందం అనుకుని ఊరుకుంటారు.

నిజంగా మారుతుందా అంటే, మారుతుంది. కాకపోతే వాళ్లు చెప్పుకున్నంత కాదు, వాళ్లు చెప్పుకునే కారణాల వల్ల కూడా కాదు.

లోపల ఏముంది?

గాలి తీసేసిన గాజు బుడ్డిలో మూడు లోహపు ముక్కలు. నడుమ క్యాథోడ్. దాన్ని ఫిలమెంటు ఎర్రగా కాలుస్తుంది. కాలిన క్యాథోడ్ నుంచి ఎలక్ట్రాన్లు ఎగిరి, చుట్టూ ఉన్న ప్లేటు వైపు పరుగెడతాయి. ప్లేటు మీద వంద వోల్టులకు పైన డీసీ ఉంటుంది కాబట్టి ఆ పరుగు. ఇంతవరకు 1904లో ఇంగ్లండులో జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ చేసి పెట్టాడు. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ ఆ రెండింటి మధ్య మూడో ముక్కను దూర్చాడు. అదే గ్రిడ్, సన్నటి తీగ చుట్ట. కాలువకు మడవ లాంటిదన్నమాట. మడవ పలకను వేలెడు కదిపితే పొలంలోకి పోయే నీరంతా మారినట్టు, గ్రిడ్ మీద పాట తాలూకు సన్నటి వోల్టేజీ కదిలితే ప్లేటుకు చేరే కరెంటు మొత్తం దానికి తగ్గట్టు ఊగుతుంది. చిన్న కదలిక పెద్దదయింది. ఆంప్లిఫికేషన్ అంటే అంతే.

వాల్వు నెత్తిన లోపలివైపు అద్దంలా మెరిసే పూత ఒకటి కనిపిస్తుంది. దాన్ని గెట్టర్ అంటారు. చాలావాటిలో అది బేరియం. మిగిలిపోయిన గాలి అణువులను మింగేయడం దాని పని. ఆ మెరుపు పోయి తెల్లగా సున్నం పూసినట్టయిందంటే వాల్వులోకి గాలి దూరిందని అర్థం. ఏ కంపెనీదైనా, ఎంత ఖరీదుదైనా ఇక చెత్తబుట్టే. పాత వాల్వు కొనడానికి వెళ్లినవాళ్లు పేరుకంటే ముందు చూడాల్సింది దీన్ని.

ఒక వాల్వుకు ఒక అంకె ముఖ్యం. దాన్ని మ్యూ అంటారు, ఎన్ని రెట్లు పెంచగలదో చెప్పే అంకె. 12ఏఎక్స్7కి అది 100. 12ఏటీ7కి 60. టీవీ ట్యూనర్ కోసం పుట్టిన 6డీజే8కి 33. సైన్యం వీటీ-231 అన్న 6ఎస్ఎన్7కి 20. 12ఏయూ7కి కాస్త తక్కువగా 17 నుంచి 20. యూరప్‌లో వీటికే వేరే పేర్లున్నాయి. 12ఏఎక్స్7ని అక్కడ ఈసీసీ83 అంటారు, 12ఏయూ7ని ఈసీసీ82 అంటారు. 6డీజే8 ఈసీసీ88 అవుతుంది. పేరు రెండైనా సరుకు ఒకటే.

పదహారు వాట్ల వేడి, చిటికెడు పాట

ఒక నిజమైన పెట్టెను ముందు పెట్టుకుంటే మాట తేలిక. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని బాటిల్‌హెడ్ అనే చిన్న కంపెనీ క్రాక్ అనే ఆంప్లిఫయర్ కిట్ అమ్ముతుంది. విడిభాగాలు పంపిస్తారు, టంకం మనమే పెట్టుకోవాలి. హెడ్‌ఫోన్ లోకంలో దీనికి మంచి పేరుంది. ఇందులో వాల్వులు రెండే. ముందు 12ఏయూ7, అది వోల్టేజీ పెంచుతుంది. దాని వెనక 6080, అది హెడ్‌ఫోన్‌కు కరెంటు అందిస్తుంది. ప్రతి వాల్వులోనూ రెండేసి ట్రయోడ్లుంటాయి, అంటే పైన చెప్పిన మూడు ముక్కల కూర్పులు రెండు. ఒకటి ఎడమ చెవికి, ఒకటి కుడి చెవికి. నడుమ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేదు. అందుకే ఈ రకాన్ని ఓటీఎల్ అంటారు.

6080 అసలు ఉద్యోగం పవర్ సప్లైలో వోల్టేజీని నిలకడగా ఉంచడం. 6ఏఎస్7జీ అనే పాత వాల్వుకు ఇది తమ్ముడు. దాని ఫిలమెంటు ఒక్కటే 6.3 వోల్టుల దగ్గర 2.5 ఆంపియర్లు తాగుతుంది. అంటే దగ్గర దగ్గర 16 వాట్లు, పాట మొదలవ్వకముందే, వేడికే ఖర్చు. హెడ్‌ఫోన్‌కు కావలసిందేమో కొన్ని మిల్లీవాట్లు. వేసవిలో, ఫ్యాను ఆపి, దీని పక్కన కూర్చుని ఆలాపన వినడానికి ఓపిక కావాలి. ఈ లెక్క చెబితే ఇంజినీర్లు నవ్వుతారు. నవ్వనీయండి.

ఇలాంటి ఆంప్లిఫయర్‌కు జోడీగా ఎక్కువమంది పెట్టుకునేది 300 ఓముల హెడ్‌ఫోన్. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 అనేది 1997 నుంచీ ఆ వరసలో ముందుంది. ఇక్కడే వాల్వు మాధుర్యం తాలూకు మొదటి రహస్యం ఉంది. హెడ్‌ఫోన్ మీద 300 అని రాసి ఉన్నా అన్ని స్వరాల దగ్గరా అది 300 ఓములు కాదు. 100 హెర్ట్జ్ ఇరుగుపొరుగున, అంటే మంద్రంగా మోగే చోట, 500కి అటూ ఇటూ లేస్తుంది. క్రాక్ లాంటి ఓటీఎల్ పెట్టె తన లోపల 120 ఓముల వరకు అడ్డం పెట్టుకుని ఉంటుంది. ఎదుట 300 ఉన్నప్పుడు ఆ అడ్డం తినేది ఎక్కువ, 500 ఉన్నప్పుడు తినేది తక్కువ. కూడికలు, భాగహారాలు చేసి చూస్తే మంద్రం ఒక డెసిబెల్ పైకి తేలుతుంది. ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్ల లోపలి అడ్డం మామూలుగా ఒకటి రెండు ఓములే కాబట్టి వాటితో ఈ తేలడం ఉండదు. వాల్వు పెట్టెలో పాట వెచ్చగా, నిండుగా ఉందన్న మాటలో ఈ ఒక్క డెసిబెల్ వాటా చాలా పెద్దది.

మరి 6080ని పీకి వేరే కంపెనీ 6080 పెడితే? కాగితం మీద లెక్క వేద్దాం. ఒక వాల్వుతో లోపలి అడ్డం 100 ఓములు, కాస్త వయసు మళ్లిన ఇంకొకదానితో 125 ఓములు అనుకుందాం. మంద్రం తేలడంలో తేడా డెసిబెల్‌లో ఆరో వంతు. చెవికి అందే తేడాల్లో అది అంచు మీద ఉంటుంది. ఆ ఆరో వంతు మీద పేజీలకు పేజీల వర్ణనలు పుట్టుకొచ్చాయి.

ఇక 32 ఓముల హెడ్‌ఫోన్‌ను తెచ్చి ఈ పెట్టెకు తగిలిస్తే, వోల్టేజీలో అయిదో వంతు మాత్రమే చెవి దాకా వస్తుంది. మంద్రం బురదబురదగా తయారవుతుంది. ఆ జబ్బు వాల్వు మారిస్తే పోయేది కాదు. హెడ్‌ఫోన్ మార్చాలి, లేకుంటే పెట్టె మార్చాలి.

తార షడ్జమం కలిసినప్పుడు

రెండో రహస్యం స్వరంలో ఉంది. ఏ ఆంప్లిఫయర్ అయినా మనం ఇచ్చిన స్వరానికి తనదంటూ కొంత కల్తీ కలుపుతుంది. వాల్వు ట్రయోడ్ ఎక్కువగా కలిపేది రెండో హార్మోనిక్. అంటే మూల స్వరానికి రెట్టింపు ఫ్రీక్వెన్సీ. సంగీతం తెలిసినవాళ్లకు చెప్పాలంటే, మధ్యస్థాయి షడ్జమం ఇస్తే దానికి తార షడ్జమాన్ని లీలగా జోడిస్తుంది. మూడో హార్మోనిక్ తార పంచమం. అయిదోది ఆపై స్థాయిలో అంతర గాంధారం, తంబూరా బాగా శృతి చేసినప్పుడు ఎవరూ మీటకుండానే వినపడేది అదే. ఏడో హార్మోనిక్ దగ్గరకు వస్తే అది మన స్వరస్థానాల్లో దేనికీ సరిగ్గా ఒదగదు. చెవికి ముల్లులా తగులుతుంది. రెండోది కలిస్తే స్వరం కాస్త దళసరిగా అనిపిస్తుందే తప్ప తప్పు పట్టాలనిపించదు. కల్తీయే, కానీ శృతిలో ఉన్న కల్తీ.

1973లో రసెల్ హామ్ అనే ఇంజినీరు అమెరికాలోని ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ పత్రికలో దీని మీదే ఒక వ్యాసం రాశాడు. స్టూడియో మైకు ఆంప్లిఫయర్లను వాటి శక్తికి మించి తోసినప్పుడు వాల్వులూ ట్రాన్సిస్టర్లూ ఏయే హార్మోనిక్కులను విసురుతాయో కొలిచాడు. ఇవాళ్టికీ వాల్వు పక్షం వాళ్లు దాన్ని ముందు పెట్టుకుని వాదిస్తారు. అయితే అది పొంగిపొర్లేంత సిగ్నల్ ఇచ్చినప్పటి సంగతి. హెడ్‌ఫోన్‌లో మామూలు శబ్దంతో వింటున్నప్పుడు ఆంప్లిఫయర్ అంత దూరం పోదు. వాదనలో ఈ ముక్క జారిపోతూ ఉంటుంది.

అదే నంబరున్న రెండు వాల్వుల మధ్య ఈ రెండో హార్మోనిక్ పాళ్లు మారతాయి. చేత్తో కట్టిన వస్తువు కదా. గ్రిడ్ చుట్టలో వెంట్రుకవాసి తేడా, క్యాథోడ్ పూతలో పిసరంత తేడా వచ్చినా కరెంటు మారుతుంది, దాంతో కల్తీ మారుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఒకే కంపెనీ, ఒకే నెల, ఒకే పెట్టెలోంచి తీసిన రెండు వాల్వుల మధ్య తేడా కూడా రెండు కంపెనీల మధ్య తేడాకు తీసిపోదు. ముల్లార్డ్ ధ్వని ఇలా ఉంటుంది, టెలిఫంకెన్ ధ్వని అలా ఉంటుంది అని ఒక్కో వాల్వు విని తేల్చేసేవాళ్ల మాటను అందుకే సగానికి సగం తగ్గించుకోవాలి.

బాబ్ కార్వర్ అనే అమెరికన్ ఇంజినీరు 1985లో ఒక పందెం కాశాడు. స్టీరియోఫైల్ పత్రిక వాళ్లు తమకు నచ్చిన ఖరీదైన ఆంప్లిఫయర్ ఏదైనా ఎంచుకోవచ్చు. తన చౌక ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్‌ను అచ్చం దానిలా పలికిస్తానన్నాడు. వాళ్లు కాన్రాడ్-జాన్సన్ వారి పెద్ద వాల్వు ఆంప్లిఫయర్ తెచ్చారు. ఈయన హోటల్ గదిలో కూర్చుని, రెండింటి అవుట్‌పుట్లనూ ఒకదానిలోంచి ఒకటి తీసేసి, మిగిలిన తేడాను వింటూ, ఆ తేడా దాదాపు సున్నా అయ్యేదాకా తన సర్క్యూట్‌ను సవరించాడు. చివరికి ఏది ఏదో పత్రిక వాళ్లు పోల్చుకోలేకపోయారు. ఈ పందెం వాల్వులకు గెలుపా, ఓటమా? నాకు రెండూ అనిపిస్తుంది. వాల్వు ధ్వని అనేది నిజంగా ఉంది కాబట్టే దాన్ని అనుకరించగలిగాడు. అది గాజులో దాగిన మహత్తు కాదు కాబట్టే అనుకరించగలిగాడు.

పెన్సిల్ పరీక్ష

వాల్వులు మార్చినప్పుడు నికరంగా, ఎవరికైనా వినపడే తేడాలు వేరే ఉన్నాయి. వర్ణనల్లో వాటికి చోటు తక్కువ. మొదటిది రొద. ఆంప్లిఫయర్ వేడెక్కాక, పాట పెట్టకుండా, హెడ్‌ఫోన్ చెవులకు తగిలించుకుని వాల్యూమ్ పెంచి చూడాలి. కొన్ని వాల్వులు సుయ్‌మంటాయి. కొన్నిటిలో కరెంటు హమ్ వస్తుంది, మన దగ్గర అది 50 హెర్ట్జ్ గుయ్‌మన్న మోత. స్పీకర్లో అయితే గది రొదలో కలిసిపోయేది, హెడ్‌ఫోన్లో నేరుగా చెవిలోనే కూర్చుంటుంది. హెడ్‌ఫోన్‌కు మంచి వాల్వంటే ముందు నోరు మూసుకుని ఉండేది.

రెండోది మైక్రోఫోనిక్స్. పెన్సిల్ వెనక రబ్బరు వైపుతో వాల్వును మెల్లగా తట్టండి. మంచిదైతే టప్ అని పొడిగా వినపడి ఆగిపోతుంది. లోపలి ముక్కలు వదులైన దాన్ని తడితే చెవిలో టింగ్‌మని మోగి, ఆ మోత సాగుతూ సాగుతూ రెండు మూడు సెకన్లు నిలుస్తుంది. బల్ల మీద కాఫీ కప్పు పెట్టినా, కీబోర్డు టకటకలాడించినా ఆ టింగ్ పాటలోకి వచ్చేస్తుంది. కొందరు ఈ మోతనే విశాలమైన ధ్వని అని మెచ్చుకోవడం కూడా చూశాను.

మూడోది తూకం. ఒకే బుడ్డిలో ఎడమకో ట్రయోడ్, కుడికో ట్రయోడ్ అన్నాను కదా. రెండూ సమానంగా లేకపోతే నడిమధ్యన నిలబడి పాడాల్సిన మనిషి ఒక పక్కకు జరుగుతాడు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి పాత మోనో రికార్డింగు ఒకటి దీనికి నాకు గీటురాయి. మోనో కాబట్టి వయొలిన్ తలకు సరిగ్గా నడుమ వినపడాలి. కమాను పక్కకు ఒరిగి వినిపించిందా, వాల్వులోనో సాకెట్‌లోనో తేడా ఉన్నట్టే. అప్పుడు పిన్నులు తుడిచి మళ్లీ పెడితే చాలాసార్లు కుదురుకుంటుంది. వాల్వు మార్చగానే ధ్వని బాగుపడిందన్న అనుభవాల్లో ఎన్ని కొత్త వాల్వు వల్ల వచ్చినవో, ఎన్ని తీసి పెట్టడంలో పిన్నుల తుప్పు రాలి బాగుపడ్డవో ఎవరు చెప్పగలరు?

నాలుగోది శబ్దం పాళ్లు. రెండు వాల్వుల మధ్య అర డెసిబెల్ తేడా ఉంటే, ఎక్కువ శబ్దం ఇచ్చినదే స్పష్టంగా, ప్రాణంతో ఉన్నట్టు అనిపిస్తుంది. శబ్దం పెరిగిందని మాత్రం అనిపించదు. మన చెవి చేసే మోసాల్లో ఇది పాతది. అందుకే పోల్చి చూడాలనుకునేవాళ్లు ముందు ఒకే ఒక్క స్వరం ఉన్న ఫైలు పెట్టి, హెడ్‌ఫోన్ తగిలించి ఉండగానే అవుట్‌పుట్ దగ్గర మల్టీమీటర్‌తో ఏసీ వోల్టేజీ కొలిచి, రెండో వాల్వుకు వాల్యూమ్ నాబ్‌ను అదే అంకెకు తేవాలి. పైగా వాల్వు చల్లారి, మార్చి, మళ్లీ వేడెక్కేసరికి కొన్ని నిమిషాలు పడుతుంది. ధ్వని జ్ఞాపకం అంతసేపు నిలవదు. వాల్వుల గురించి ఘాటుగా తీర్పులు చెప్పేవాళ్లలో మీటరు పట్టినవాళ్లు చాలా తక్కువ.

బ్లాక్‌బర్న్ నుంచి బెంగళూరు దాకా

అయినా ఈ ఆటలో ఆకర్షణంతా ధ్వనిలోనే ఉందనుకుంటే పొరపాటు. ప్రతి వాల్వు వెనకా ఒక ఊరుంది. ముల్లార్డ్ అంటే ఇంగ్లండులో లాంకషైర్ బ్లాక్‌బర్న్. బట్టల మిల్లుల ఊరు. అక్కడి ఫ్యాక్టరీలో వేలమంది పనిచేశారు, అందులో వరసల్లో కూర్చుని సన్నటి ముక్కలు చేత్తో అమర్చింది ఎక్కువగా ఆడవాళ్లు. గాజు కింది అంచున సన్నగా చెక్కిన కోడు ఉంటుంది. రెండో వరస బి అక్షరంతో మొదలైతే బ్లాక్‌బర్న్, తర్వాతి అంకె సంవత్సరంలో చివరి అంకె, ఆ తర్వాతి అక్షరం నెల. టెలిఫంకెన్ చిన్న వాల్వులకైతే అడుగున పిన్నుల నడుమ గాజులోనే ఒత్తిన డైమండ్ గుర్తు ఉంటుంది. పైన రంగుతో వేసిన పేరు గోరుతో గీకితే పోతుంది, వేరే పేరు అచ్చువేసి అమ్మేవాళ్లకూ కొదవ లేదు. చూడాల్సింది పేరును కాదు, గాజు మీద చెక్కిన కోడును, లోపలి ప్లేట్ల ఆకారాన్ని.

సోవియట్ వాల్వులది ఇంకో కథ. 1976 సెప్టెంబరులో విక్టర్ బెలెంకో అనే సోవియట్ పైలట్ తన మిగ్-25తో జపాన్‌లోని హకొదాతెలో దిగిపోయాడు. ప్రపంచాన్ని భయపెట్టిన ఆ విమానాన్ని అమెరికన్లు విప్పి చూస్తే రాడార్‌లో వాల్వులు కనిపించాయి. మిగతా ప్రపంచం ట్రాన్సిస్టర్లకు మారిపోయినా సోవియట్ ఫ్యాక్టరీలు వాల్వులు చేస్తూనే ఉన్నాయి. ఆ పట్టుదలే తర్వాత సంగీతానికి పనికొచ్చింది. అక్కడి 6ఎన్23పీ అమెరికా 6డీజే8కి దాయాది. సరతోవ్‌లోని రిఫ్లెక్టర్ ఫ్యాక్టరీ ఇవాళ మైక్ మాథ్యూస్ అనే అమెరికన్‌కు చెందిన కంపెనీ చేతుల్లో ఉంది. పాత బ్రిటిష్, అమెరికన్ పేర్లతో వచ్చే కొత్త వాల్వుల్లో చాలా భాగం అక్కడివే. కొత్త డబ్బా మీద ముల్లార్డ్ అని ఉంటే అది బ్లాక్‌బర్న్‌ది కాదు, సరతోవ్‌ది. 2022 మార్చిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలైన కొత్తలో రష్యా ఎగుమతులు ఆపేసిందన్న కబురుకే మార్కెట్ అల్లాడింది. తర్వాత సరుకు మళ్లీ కదిలినా ధరలు మునుపటి చోటికి రాలేదు. స్లొవేకియాలో చాద్‌సా అనే చిన్న ఊళ్లో జేజే ఎలక్ట్రానిక్, చైనాలో మరికొన్ని కంపెనీలు. ప్రపంచానికి కొత్త వాల్వులు అందేది ప్రధానంగా ఈ మూడు దేశాల నుంచే.

మన దేశానికీ ఇందులో వాటా ఉంది. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ (బెల్) 1960లలో ఫిలిప్స్ సాయంతో రేడియో వాల్వులు తయారుచేసింది. మచిలీపట్నంలో ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీని 1983లో కలుపుకున్న బెల్ ఇదే. దేశంలో ఎన్నో రేడియోల్లో వెలిగినవి దాని వాల్వులే. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలోనో, జుమ్మెరాత్ బజార్‌లో పాత సామాన్ల గుట్టల మధ్యనో, రేడియో మెకానిక్కుల సొరుగుల్లోనో బెల్ అని ముద్ర ఉన్న వాల్వు దొరికితే, గెట్టర్ మెరుస్తూ ఉంటే, వదలకండి. విదేశాల్లో పేరు లేదు కాబట్టి ధర తక్కువ. పేరు లేనంత మాత్రాన ధ్వనికి లోటేమీ లేదు.

ఖరీదు పిచ్చికి అంతు కావాలంటే సెన్‌హైజర్ వైపు చూడాలి. 1991లో ఆర్ఫియస్ అని వాల్వు ఆంప్లిఫయర్‌తో కలిపి ఒక హెడ్‌ఫోన్ చేశారు, మొత్తం 300 దాకా. 2015లో దాని వారసుణ్ని ప్రకటించారు. ఇటలీ కరారా పాలరాయి దిమ్మె, స్విచ్చి వేస్తే అందులోంచి మెల్లగా పైకి లేచే ఎనిమిది వాల్వులు, ధర దాదాపు 50 వేల యూరోలు. అక్కడ వాల్వులు మార్చి చూద్దామని ఎవరికీ చేతులాడవు.

ఇంకో చివరన చౌక పెట్టెలున్నాయి. వాటిలో కొన్నిట్లో వాల్వు కింద చిన్న నారింజ రంగు ఎల్ఈడీ పెట్టి వెలుగు చూపిస్తారు. ఫిలమెంటు వెలుగు అంత నిగారింపుగా ఉండదు. కరెంటు తీయగానే టక్కున ఆరిపోదు, మెల్లగా చల్లారుతుంది. ఇలాంటి పెట్టెల్లో అసలు పని పక్కనున్న చిప్ చేస్తుంటే, వాల్వు మార్చి తేడా వెతుక్కోవడం కాలక్షేపం.

మన గోడలో కరెంటు

మన దగ్గర వాల్వు పెట్టెలు వాడేవాళ్లు తప్పక పట్టించుకోవాల్సినది ఒకటుంది. చైనా ఆంప్లిఫయర్లు చాలావరకు 220 వోల్టులకు చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌తో వస్తాయి. మన గోడలో వచ్చేది లెక్క ప్రకారం 230, కొన్ని వీధుల్లో రాత్రి 240 దాటి 250 కూడా అంటుకుంటుంది. ఫిలమెంటుకు ఇవ్వాల్సింది 6.3 వోల్టులు, పది శాతం అటూ ఇటూ అయితే ఫరవాలేదు. 220 పెట్టెకు 250 ఇస్తే అది 7.1 దాటుతుంది. అరవై ఏళ్లు భద్రంగా ఉన్న వాల్వు ఆయుష్షును మన చేతులతో మనమే తగ్గించుకున్నట్టు. మీటరు పెట్టి గోడ కరెంటు చూసుకోవడం, అవసరమైతే మంచి స్టెబిలైజర్ పెట్టడం ఏ టెలిఫంకెన్ కంటే కూడా ముందు చేయాల్సిన ఖర్చు.

సాకెట్‌లో దూరుతుంది కదా అని ఏది పడితే అది దూర్చకూడదు. 12ఏయూ7, 6డీజే8 రెండింటికీ తొమ్మిది పిన్నులే, ఒకే సాకెట్. కానీ ఫిలమెంటు అమరిక వేరు. ఒకదాని చోట ఇంకొకటి పెడితే అరకొర వేడితో నీరసంగా పడి ఉంటుంది, లేదంటే సర్క్యూట్‌కే చేటు. 6డీజే8 చోట రష్యా 6ఎన్1పీ పిన్నులు సరిపోతాయి గానీ అది 600 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది, 6డీజే8 లాగేది 365. చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పెట్టె ఆ భారానికి కుమిలిపోతుంది. 12ఏయూ7 చోట సైన్యం కోసం దిట్టంగా చేసిన 5814ఏ, కంప్యూటర్ల కోసం చేసిన 5963 నిక్షేపంగా నడుస్తాయి. ఈసీసీ82 అన్న పేరు వీటి మీద లేదు కాబట్టి ధర తక్కువ. తెలిసినవాళ్లు కొనేది వీటినే.

తీసేటప్పుడు స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి, గాజు పూర్తిగా చల్లారనివ్వాలి. వాల్వును మెలితిప్పకుండా, కొద్దిగా అటూ ఇటూ కదుపుతూ నిటారుగా పైకి లాగాలి. పెట్టేటప్పుడు ఒకటో పిన్నుకూ తొమ్మిదో పిన్నుకూ మధ్య ఎడం ఎటుందో చూసుకుని, అప్పుడు నొక్కాలి. అడుగు పలక మాత్రం ఎప్పుడూ విప్పకండి. కరెంటు తీసేసినా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత వోల్టేజీ చాలాసేపు నిలిచి ఉంటుంది.

డబ్బు సంగతి కూడా సూటిగా చెప్పేస్తాను. ధ్వనిలో తేడా కావాలంటే ముందు మార్చాల్సింది హెడ్‌ఫోన్. దాని తర్వాత దానికి ఓములు కుదిరే ఆంప్లిఫయర్. వాల్వుది మూడో స్థానం. పెట్టెతో వచ్చిన వాల్వు ఒకటి, పేరు లేని పాతది ఒకటి, కొత్తది ఒకటి, ఈ మూడూ చాలు ఎవరికైనా. మూడింటిలో రొద లేనిది, టింగ్‌మననిది, పాటను నడుమ నిలబెట్టేది ఏదో చూసి సాకెట్‌లో ఉంచండి. మిగిలినవి గుడ్డలో చుట్టి, పేరు రాసి, పిల్లలకు అందని చోట పెట్టండి.